ఈరన్న ఒక్కడే

"నీ పేరు శెట్టి తీసేసినాడంటప్పా," అన్నాడు కంబన్న, టైరులో దిగిన మేకును పట్టకారుతో పీకుతూ.

కల్లూరు లారీ స్టాండులో పంక్చరు షాపు అతనిది. ఎవరి టైరులో గాలి పోయినా, ఎవరి మొహంలో గాలి పోయినా స్టాండులో మొదట తెలిసేది అతనికే. ఆ పొద్దున పోయిన గాలి నాది. షెడ్డు గోడకు అంటించిన కొత్త జాబితాలో నా పేరు లేదు. పైనుంచి కిందికి చదివాను, కిందినుంచి పైకి చదివాను. ఎటునుంచి చదివినా లేని పేరు లేనట్టే ఉంది.

ఏ శెట్టి అని అడిగాను. అది తెలియదన్నాడు. ముందురోజు ఖాసిం వలి అక్కడే నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాడట. పక్కన గాలి మిషను ఆడుతోందట. రెండు జాబితాలు కలిపినామని, రెండోసారి వచ్చిన పేర్లను శెట్టి తీసేశాడని, అంత ముక్క మాత్రం చెవిన పడిందట.

జాబితా అంటే లారీల వరస. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు ఇన్నాళ్లూ రెండు లారీ యూనియన్లు, రెండు వరసలు. ఒకటి ఎర్రగుంట్ల వాళ్లది, ఒకటి మా కల్లూరు వాళ్లది. లోడు వచ్చినప్పుడు వరసలో ముందున్నవాడు గేటులోకి పోతాడు, పోయి వచ్చినవాడు చివర చేరతాడు. రెండు వరసలకూ గేటు మాత్రం ఒకటే. మా కర్నూలు మార్కెట్టులో ఆనియన్ కోస్తేగానీ కళ్లనీళ్లు రావు. ఎర్రగుంట్లలో యూనియన్ పేరు ఎత్తితే చాలు, కోయకుండానే వస్తాయి. చూసి చూసి ఫ్యాక్టరీవాళ్లు విసిగిపోయారు. ఇకమీదట ఒకే యూనియన్, ఒకే వరస అన్నారు. రెండు జాబితాలూ కలిపి గురువారం మీటింగులో ఖాయం చేసుకోండి, ఆ తర్వాత ఏడాది దాకా ఒక్క పేరు చేర్చం, ఒక్క పేరు తీయం, పేరు లేనివాడి లారీకి గేటు తెరవం అన్నారు.

నాకున్నది ఒక్క లారీ. దానికి తెలిసిందీ ఆ ఒక్క గేటే. లోడు ఉంటేనే అది లారీ. లేకపోతే ఇంటి ముందు నిలబెట్టుకున్న పెద్ద లోటు.

అందుకని శెట్టిని వెతుక్కుంటూ బయలుదేరాను. స్టాండు చుట్టుపక్కల శెట్లకు కొదవ లేదు. తవుడు శెట్టి దగ్గరికి పోతే, ఆయన నన్ను చూసి పాత బాకీ తీర్చడానికి వచ్చాననుకుని సంతోషపడి, కాదని తెలిసి దిగులుపడ్డాడు. కిరాణా శెట్టి మాత్రం దండం పెట్టాడు. తాను పొద్దున లేచి దేవుడి పేరు తప్ప ఇంకెవరి పేరూ తీయనని ఒట్టేశాడు. ఆ తీయడం వేరు, ఈ తీయడం వేరు అని నేను విడమరిచి చెప్పేలోపు, ఎందుకైనా మంచిదని ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టి పంపేశాడు. ఆ ముక్క చప్పరిస్తూ షేర్ ఆటో ఎక్కి ఖాసిం వలి ఇంటికి పోయాను.

ఖాసిం వలి కల్లూరు యూనియన్ సెక్రటరీ. అంతకంటే ముందు నా స్నేహితుడు. ఇద్దరం ఒకే లారీలో క్లీనర్లుగా చేరాం, ఒకే లారీ మీద డ్రైవింగ్ నేర్చుకున్నాం, ఒకే గుంతలో దించాం. నన్ను చిన్నప్పా అంటాడు. జాబితా తయారుచేసే పని అతనిదే కాబట్టి, శెట్టి ఎవరైనా సరే అతనికి తెలియకుండా నా పేరు మీద చెయ్యి పడదు. ఆటోలో కూర్చున్నంతసేపూ నన్ను కుదిపింది ఆ గుంతల రోడ్డు కాదు, ఈ ఆలోచన.

అతను ఇంట్లో లేడు. లోడుతో అనంతపురం పోయాడు. భార్య బషీరాబీ కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కూతురు సాజియా లోపలి గదిలోంచి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఎంసీఏ చదివిన పిల్ల. ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంది. రెండు జాబితాలనూ కలిపింది తనేనట. వాళ్ల నాయన అప్పజెప్పాడట.

"శెట్టి ఎవరమ్మా?" అన్నాను.

"ఏ శెట్టి చిన్నాయనా?"

నేను కంబన్న చెప్పింది చెప్పాను. ఆ పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. శెట్టి కాదట, సెట్టట. ప్రోగ్రాములో పేర్లు వేసుకునే సంచిలాంటిదట. ఆ సంచికి ఒక గుణముందట: వేసిన పేరే మళ్లీ వేస్తే పుచ్చుకోదు. ముందుగా ఎర్రగుంట్ల పేర్లన్నీ కొత్త జాబితాలో రాసి, ఆ సంచిలోనూ వేసిందట. తర్వాత కల్లూరు పేర్లు ఒక్కొక్కటే తీసి, ఈ పేరు సంచిలో ఉందా అని చూసి, లేకపోతేనే జాబితా చివర చేర్చిందట. లారీలు చేతులు మారుతుంటాయి కాబట్టి నంబర్లు పట్టించుకోలేదట. నాకు అర్థమయ్యేలా పెళ్లితో పోల్చి చెప్పింది. ఆడపెళ్లివాళ్లూ పిలుస్తారు, మగపెళ్లివాళ్లూ పిలుస్తారు. రెండు వైపులా కావలసినవాడికి రెండు కార్డులు వస్తాయి, విస్తరి మాత్రం ఒకటే వేస్తారు కదా, అంతే అంది. రెండు యూనియన్లలోనూ పేరున్నవాళ్లు కొందరున్నారు కాబట్టి, అట్లా తీయకపోతే ఒకే మనిషికి రెండు విస్తర్లు పడతాయి.

బాగానే ఉంది. నాకు వచ్చింది ఒకటే కార్డు, అదీ కల్లూరుది. మరి నా విస్తరి ఎవరు లాగేశారని అడిగాను.

సాజియా వేళ్లు ల్యాప్‌టాప్ మీద పెట్టి, నా వైపు చూసి, కొంచెం సిగ్గుపడుతూ అడిగింది. "మీ పేరేంది చిన్నాయనా?"

ఆ పిల్లను ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి చూస్తున్నాను. నా పేరు ఆమెకు తెలియదు. ఏం చెప్పను, చిన్నాయనలకు పేర్లుంటాయని పిల్లలకు ఎవరు చెబుతారు. ఈరన్న అన్నాను. తండ్రి నారాయణ అన్నాను. ఆదోని అవతల మా ఊరి పేరు చెప్పాను.

"ఉండాది కదా చిన్నాయనా," అంది వెలిగిన మొహంతో, తెర నా వైపు తిప్పి.

ఉంది. ఈరన్న, తండ్రి నారాయణ, మా ఊరు. వరసలో చాలా పైన. పక్కనున్న లారీ నంబరు మాత్రం నాది కాదు. అది మా అన్నది.

మా నాయన నారాయణ ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంటే మా అన్న పుట్టాడు. స్వామి పేరు పెట్టారు. తర్వాత కొన్నేళ్లు పిల్లలు లేకపోతే నాయన మళ్లీ మొక్కుకున్నాడు, నేను పుట్టాను. మొక్కిన దేవుడు అదే, మొక్కు అదే, మరి పేరు మార్చితే స్వామి ఏమనుకుంటాడోనని భయపడి నాకూ అదే పెట్టారు. వాడు పెద్ద ఈరన్న, నేను చిన్న ఈరన్న. మా వైపు ఊళ్లలో ఇది వింత కాదు, ఒక్కో ఇంట్లో ముగ్గురేసి ఉంటారు. పెళ్లయ్యాక వదిన వాళ్ల ఊరు దగ్గరని అన్న కల్లూరు వదిలి ఎర్రగుంట్ల పోయాడు. లారీ అక్కడికే తోలుకుపోయాడు, పదిమందిని పోగేశాడు, యూనియన్ లీడరయ్యాడు.

ఇదంతా సాజియాకు చెప్పాను. వింటూ వింటూ ఆ పిల్ల మొహం మాడిపోయింది. చెప్పాలా వద్దా అన్నట్టు వాళ్లమ్మ వైపు చూసింది. చివరికి చెప్పింది.

"పేర్లు ఊరికే తీయలేదు చిన్నాయనా. రెండు జాబితాల్లోనూ ఒకే మాదిరి ఉన్నవన్నీ రాసుకుని ఎర్రగుంట్ల లీడరుకు ఫోన్ చేసినా. ఈరన్న, తండ్రి నారాయణ, ఊరు ఇదీ అని చదివినా. వీళ్లు ఇద్దరా, ఒక్కరా అని అడిగినా."

"ఏమన్నాడు?"

"ఒక్కడే అన్నాడు."

టీ గుక్క ఇంకా నోట్లోనే ఉంది. మింగానో, ఉమ్మానో గుర్తులేదు.

సాజియా అప్పటికప్పుడు నా పేరు చేర్చేస్తానంది. చేర్చి లాభం లేదని తానే చెప్పింది. జాబితా ఫ్యాక్టరీకి పోయింది. డూప్లికేట్ అని తీసేసిన పేరును మళ్లీ ఎక్కించాలంటే, ఆ మాట చెప్పిన లీడరే గురువారం మీటింగులో నిలబడి, ఇంకొక మనిషి ఉన్నాడని నోటితో చెప్పాలి. రెండు యూనియన్లూ పెట్టుకున్న షరతు అది. అంటే నేనున్నానని మా అన్న చెప్పాలి. చెప్తేనే ఉన్నట్టు.

డూప్లికేట్ అంటే కంప్యూటరు భాషలో రెండోసారి వచ్చింది అని అర్థమట. మా స్టాండు భాషలో దానికి ఒకటే అర్థం. డూప్లికేట్ ఆయిలు, డూప్లికేట్ బేరింగు, డూప్లికేట్ లైసెన్సు. ఇప్పుడు డూప్లికేట్ తమ్ముడు.

ఇంటికి వచ్చి మంచం మీద పడుకున్నాను. నా భార్య శివలీల సంగతంతా విని, ఫోన్ చేసి అడగమంది. ఏమని అడగను. అన్నా, నేను ఉన్నానా లేనా అనా. ఆమె తన ఫోన్ తీసింది, నేను లాక్కున్నాను. వాడే చేస్తాడు, వాడికే తెలియాలి అన్నాను. రెండు రోజులు చూశాను. ఫోన్ మోగలేదు. లోన్లు ఇస్తామని మాత్రం ఇద్దరు చేశారు. వాళ్లిద్దరూ నన్ను ఈరన్న గారూ అని పిలిచారు. నేనున్నట్టు వాళ్లకు తెలుసు.

ఆ రెండు రోజుల్లో నాకు గుర్తొచ్చినవన్నీ వాడి తప్పులే. బడిలో ఈరన్నను పిలవమంటే బెత్తం ఉన్నప్పుడు నేను పోవాల్సి వచ్చేది, బహుమతి ఉన్నప్పుడు వాడు పోయేవాడు. నేను పరుగుపందెంలో గెలిచిన స్టీలు గ్లాసు మీద ఈరన్న అని చెక్కించి ఇస్తే, ఆ గ్లాసులో వాడు మజ్జిగ తాగాడు. పెద్దవాడు తాగితే ఏమైందిరా, పేరు అదే కదా అంది మా అమ్మ గిడ్డమ్మ. అప్పుడు నవ్వుకున్నాను. వరసకు అన్న కదా అనుకున్నాను. ఇప్పుడు వరసకు అన్నే, వరసలో లేకుండా చేశాడు. గేటు దగ్గరున్న కాటా మీద లారీని తూచినట్టు తూచి, తమ్ముడి కంటే లోడు బరువనుకున్నాడు. కాటా పక్కనే నిలబడి కాటేశాడు. ఇలా ఒక్కదాని మీద ఒకటి మాటలు పేర్చుకుంటూ పడుకున్నాను. మామూలుగా నా మాటలకు మొదట నవ్వేది నేనే. ఈసారి నవ్వు రాలేదు. వింటున్న శివలీల ఒక్కసారి మాత్రం, "నీకు ఏడుపొచ్చినా సామెతలేనా," అంది, లేచి కంచం పెట్టింది.

గురువారం పొద్దున ఖాసిం వలి తన లారీ తెచ్చి ఇంటి ముందు ఆపాడు. సాజియా కూడా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎక్కాను. నంద్యాల దాటేదాకా నేను నోరు విప్పలేదు. నోరు విప్పని నన్ను ఖాసిం వలి ఇన్నేళ్లలో చూడలేదు. ఇంజను చప్పుడులో తేడా వస్తే చూసినట్టు మాటిమాటికీ నా వైపు చూశాడు.

చివరికి తనే తెగించి మొదలుపెట్టాడు. తప్పు తనదేనన్నాడు. మొదటిసారి సాజియా జాబితాలు ఉన్నవి ఉన్నట్టే కలిపిందట. అప్పుడు సెట్టు ఎవర్నీ తీయలేదట. మా జాబితాలో నల్ల దావూద్ అని ఉంది, వాళ్ల జాబితాలో ఉత్త దావూద్ అని ఉంది. మనిషి ఒకడే, కంప్యూటరుకు ఇద్దరు. వీధి పేర్లు, రంగు పేర్లు, పొట్టి, బక్క, గుడ్లగూబ సమీవుల్లా, ఇట్లాంటివి రెండింటిలోనూ బోలెడు. రెండు వరసల్లోనూ ఉన్నవాళ్లంతా రెండేసి విస్తర్లతో బయటపడ్డారు. అందుకని అతను కూతురితో చెప్పాడు.

"అవి పిలుపులమ్మా, పేర్లు కావు. నల్ల, ఎర్ర, పెద్ద, చిన్న, పొట్టి, బక్క, అన్నీ కొట్టేసి అప్పుడు కలుపు అన్నా. నీది దాంట్లో పోతాదని తోచలే చిన్నప్పా. నా మీద ఒట్టు, తోచలే."

నేను సాజియా వైపు తిరిగాను. "నోటితో చిన్నాయనా అంటావు, జాబితాలో చిన్న తీసేస్తావా తల్లీ," అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. అన్నాక, అనకుండా ఉండాల్సింది అనిపించింది.

అది సరే, అన్నాను ఖాసిం వలితో. చిన్న పోయింది, పెద్ద పోయింది, ఇద్దరం ఒకే మాదిరి అయ్యాం, అది కంప్యూటరు చేసిన పని. దానికి మా నాయన మొక్కులు తెలియవు. దానికి మా అమ్మ తెలియదు. కానీ మనిషికి ఫోన్ చేసి అడిగారు కదా. మనిషి చెప్పాడు కదా. దీనికేమంటావు?

ఖాసిం వలి గేరు మార్చాడు.

ఎర్రగుంట్లలో మీటింగు కాటా పక్కనున్న రేకుల షెడ్డులో. రెండు ఊళ్ల లారీవాళ్లంతా ఉన్నారు, కుర్చీలు సగమే ఉన్నాయి. మైకు ముందు మా అన్న. తెల్ల చొక్కా, మెడలో టవలు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. చెయ్యి ఊపడమేమిటి, నవ్వాడు కూడా. టీ తాగినారా అని మైకులోనే అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చేసిన పనికి చూపు తిప్పుకునేవాడిని ఓర్చుకోవచ్చు. నవ్వేవాడినేం చేయాలి.

జాబితా చదవడం అయిపోయింది. ఖాయం చేసేముందు ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అన్న అడిగాడు. నేను లేచాను. ఇన్నేళ్లు స్టాండులో నా గొంతుకు మైకు అక్కరలేదని పేరు. ఆ రోజు గొంతు రాలేదు. ఖాసిం వలి ముందు నుంచి ఇంకొక మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఈరన్న, తండ్రి నారాయణ. వీళ్లు ఇద్దరా ఒక్కరా అని నీకు ఫోన్ వచ్చిందా లేదా?" అన్నాను.

"వచ్చింది," అన్నాడు అన్న.

"ఏం చెప్పినావు?"

"ఒక్కడే అని చెప్పినా. నేనే కదా."

బయట కాటా మీద ఒక లారీ ఎక్కి దిగిన శబ్దం వినబడింది.

"మరి నేనెవర్ని?" అన్నాను.

"ఏం మాటరా అది. నువ్వు చిన్నోడివి."

వెనక కొందరు నవ్వారు. ముందు వరసలో సమీవుల్లా, ప్రతి పేరుకూ ఒక తమ్ముడు లేస్తే జాబితా ఎప్పటికి తెములుతుందని విసుక్కున్నాడు. పదిమంది ముందు, మైకులో, నా అన్న నన్ను మళ్లీ తీసేశాడు. ఈసారి సెట్టు లేదు, ప్రోగ్రాము లేదు. నేను మైకు కింద పెట్టి పోదామనుకున్నాను.

అప్పుడు సాజియా లేచింది. అంతమంది మగవాళ్ల మధ్య నిలబడి, అన్నతో ఒకటే మాట అడిగింది.

"పెదనాయనా, మీ తమ్ముని పేరేంది?"

"చిన్నోడు," అన్నాడు అన్న.

"అది పిలుపు పెదనాయనా. పేరు."

అన్న నోరు తెరిచాడు. తెరిచిన నోరు అట్లాగే ఉంది. ఆ మొహం నేను బాగా ఎరుగుదును. చిన్నప్పుడు బావిలో చేద జారిపోయినప్పుడు, చేతిలో ఉత్త తాడు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డప్పటి మొహం అది. తర్వాత మెడలోని టవలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"వీని పేరు గూడా ఈరన్నే," అన్నాడు మెల్లగా. మైకు పక్కకు తిరిగి ఉండటంతో ముందు వరసకూ నాకూ తప్ప ఎవరికీ వినబడలేదు.

"తెల్సు కదా," అన్నాను. "తెల్సి కూడా ఒక్కడే అన్నావు."

"తెల్సురా. యాడ తెల్సు. ఎప్పుడన్నా నిన్ను ఈరన్నా అని పిలిచినానా? అమ్మ పిలిచిందా? ఆ పాప ఫోన్లో ఈరన్న, తండ్రి నారాయణ అంటే, నా పేరు, మా నాయన పేరు అనుకున్నా. పెండ్లికి ముందు నేను గూడా కల్లూరులోనే ఉంటి, ఆడ పేరు రాపిచ్చి ఉంటి. ఆ పాత పేరు ఇంకా కొట్టేయలేదేమో, ఇద్దరూ నేనే అనుకుని ఒక్కడే అంటి. చిన్న ఈరన్న అని ఒక్క మాట అనింటే, మా చిన్నోడు కదా అని ఎగిరి చెప్పనా?"

సాజియా తల దించుకుని, చిన్న తీసేసినాకే చదివినానంది.

నేను మైకు పట్టుకునే నిలబడ్డాను. నిజం చెప్పాలంటే నేను కూడా వాణ్ణి ఈరన్నా అని ఒక్కసారీ పిలవలేదు. నా ఫోన్లో వాడు పెద్దన్న. ఎవరైనా నాకు ఫోన్ చేసి, ఈరన్న, తండ్రి నారాయణ, ఎంతమంది అని అడిగితే, నేనూ నా గుండె మీదే చెయ్యి వేసుకుని ఉండేవాణ్ణేమో. ఇదంతా అర్థమవుతూనే ఉంది. అయినా లోపల మూడు రోజులుగా బిగించి కట్టిన లోడు, తాడు విప్పగానే దిగిపోతుందా. అమ్మ కడుపున ఇద్దరం పుట్టామన్న సంగతి, అడిగిన ఆ ఒక్క క్షణంలో వాడికి గుర్తు రాలేదు. పేరు మరిచిపోతే పోయింది. లెక్క కూడా మరిచిపోవాలా? నేను అదే అడిగాను.

అన్న తన మైకు వదిలి నా దగ్గరికి వచ్చాడు. పక్కన నిలబడ్డాడు.

"మీ అన్నదమ్ములు ఎంతమందని అడిగింటే ఇద్దరం అంటాంటిరా," అన్నాడు, నాకు మాత్రమే వినబడేట్టు. "పేరు అడిగినారు. పేరంటే నేను ఒక్కన్నే అనుకున్నా. శానా ఏండ్ల నుంచి అట్లనే అనుకుంటాండా. ఆ గ్లాసు గూడా నాదే అనుకుంటి."

ఆ గ్లాసు వాడికీ గుర్తుందని నాకు తెలియదు.

ఈలోపు వెనక గొడవ మొదలైంది. షెడ్డు బయట నిలబడ్డవాళ్లకు సగం మాటలే అందాయి. అన్న, తమ్ముడి పేరు కొట్టేయించాడని ఒకడు, తమ్ముడే అన్న పేరు పెట్టుకుని దొంగవరస ఎక్కాడని ఇంకొకడు, లేదు లేదు అన్నదమ్ములిద్దరూ కలిసి ఖాసిం వలి కూతురి మీద నెడుతున్నారని మరొకడు అంటున్నారు. ఆ మూడోమాట వినగానే ఖాసిం వలి లేచి, అటు పోబోయాడు. అన్న అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, నా చేతిలోని మైకు తీసుకున్నాడు. నన్ను మాత్రం కూర్చోనివ్వలేదు, మోచెయ్యి పట్టుకుని పక్కనే నిలబెట్టుకున్నాడు.

"అందరూ ఇనండి," అన్నాడు. "మా నాయన నారాయణ రెండుసార్లు మొక్కుకున్న్యాడు, రెండుసార్లూ ఒకే పేరు పెట్టినాడు. నేను పెద్ద ఈరన్న. ఈడుండేవాడు చిన్న ఈరన్న. మనమే కదా పిలుపులు తీసేసి కలపమంటిమి, ఆ పాప అట్లనే కలిపింది, దాంతో పెద్దా పోయింది, చిన్నా పోయింది, ఇద్దరు ఒక్కటైనారు. దానిమీద ఆ పాప నన్ను అడిగింది. తప్పు చెప్పింది నేను. ఇంట్లో వీన్ని ఆ పేరుతో పిలిచినోళ్లం కాదు, అందుకని నాకు తోచలే. ఖాసిం వలి తప్పు లేదు, పాప తప్పు లేదు. ఈరన్నలు ఇద్దరుండారు. రాసుకోండి."

వెనకనుంచి ఎవరో, ఇప్పుడు అర్థమైందిలేప్పా అన్నారు. ఇంకెవరో తమ ఇంట్లో ముగ్గురు దస్తగిరులున్నారని, జాబితా మళ్లీ ఒకసారి చూడమని అరిచారు. సాజియా కూర్చుని, పిలుపులన్నీ తిరిగి తగిలించి, పేర్లు మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టింది. నా పేరు వచ్చినప్పుడు ఆగి, తలెత్తి, అందరికీ వినబడేట్టు మొత్తం చదివింది. అన్న ఇంకా నా మోచెయ్యి వదల్లేదు. నేను విడిపించుకోలేదు. అట్లాగని వాడి వైపు చూడనూ లేదు.